వీధిలో వాక్యం, ఇంటిలో ప్రార్థన: సరిహద్దు పల్లెలలో సువార్త ప్రచారం

పంట ఇల్లు చేరి, పొలం పనులు తెరిపినిచ్చే కాలం రాగానే సరిహద్దు పల్లెలలో మైకులు వినిపించడం మొదలవుతుంది. వాటిలో కొన్ని భజన మందిరాలవి, కొన్ని ఆటో మీద కట్టుకుని వచ్చే సువార్త బృందాలవి. నలుగురైదుగురు మనుషులు, ఒక కంజీర, సంచి నిండా కరపత్రాలు, కూడలిలో రెండు పాటలు, అరగంట ప్రసంగం, చివర ప్రార్థన. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు గాని, కర్ణాటకలోని ముళబాగిలు, శ్రీనివాసపురం, బళ్లారి వైపు గాని, తమిళనాడులోని హోసూరు వైపు గాని నివసించే తెలుగువారికి ఈ దృశ్యం కొత్త కాదు. తాతల నాటి నుండి చూస్తున్నదే.

అయినా గత కొన్నేళ్లుగా ఈ దృశ్యం చుట్టూ ఒక బిగువు ఏర్పడిన మాట వాస్తవం. ఒకే బృందం ఉదయం ఆంధ్ర గ్రామంలో పాడి, మధ్యాహ్నం వంతెన దాటి పక్క రాష్ట్రంలోని బంధువుల ఊరిలో పాడితే, ఆ రెండు పూటలకు వర్తించే చట్టాలు వేరు. పల్లెజనం చర్చ సాధారణంగా ప్రసంగం చుట్టూ తిరుగుతుంది: ఏమన్నాడు, ఎవరి దేవుణ్ణి తక్కువ చేశాడు, ఎందుకు రానిచ్చారు అని. కాని తగాదా ముదిరే చోటు వేరే ఉన్నది. కూడలిలో చెప్పిన మాట విని ఎవరి దారిన వారు పోతారు. ఆ తరువాత ఒక ఇంటి వారు పిలిస్తే లోపలికి వెళ్లి, మంచం పట్టిన వారి తల మీద చేయి ఉంచి చేసే ప్రార్థన దగ్గరే కుటుంబం రెండుగా చీలుతుంది. పోలీసు ఫిర్యాదులో ఎక్కేది కూడా ఎక్కువగా ఆ ప్రార్థనే. కావున వీధి సువార్తను అర్థం చేసుకోవాలంటే ముందు అందులో ప్రార్థన స్థానమేమిటో తెలుసుకోవాలి.

క్రైస్తవులు తాము నమ్మినదానిని ఇతరులకు చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. కోర్టులో బోనెక్కి చెప్పేదానికీ తెలుగులో ఇదే పదం. ఈ పోలిక కేవలం మాటవరుసకు కాదు. సాక్షి తాను చూసినది చెప్పాలి, తీర్పు చెప్పే పని అతనిది కాదు. క్రైస్తవ బోధనలో సైతం హృదయాన్ని మార్చే పని దేవునిదే గాని బోధకునిది కాదని ఉన్నది. బోధకుడు ప్రార్థించవలసిన అగత్యం అక్కడి నుండే పుట్టింది. పౌలు కొలొస్సయులకు రాసిన లేఖలో, వాక్యానికి ద్వారం తెరవబడాలని తన కొరకు ప్రార్థించమని వారిని కోరాడు. ఏథెన్సులో సంత వీధిలో కనిపించిన వారందరితో తర్కించిన మనిషి కూడా అతడే. మరొకవైపు మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో, జనం చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థన చేయవద్దని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని యేసు చెప్పినట్టు ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చదివితే వాక్యం వీధిలో, ప్రార్థన గదిలో అనే అమరిక కనబడుతుంది. తెలుగు నేలపై తొలి నూరేళ్ల సువార్త చరిత్రలో చాలా భాగం ఈ అమరికకు దగ్గరగానే నడిచింది.

ఒంగోలు కథ ఇందుకు నిదర్శనం. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడి పనిచేసినా పది పన్నెండేళ్ల దాకా ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. 1853లో ఆ మిషనును మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో గట్టిగా నడిచింది. మరుసటి సంవత్సరం మొదటి రోజున, అనగా 1854 జనవరి 1న, లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ తన భార్యతోను, కొద్దిమంది స్థానిక క్రైస్తవులతోను తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కి, కింద కనబడుతున్న పల్లెల కోసం ప్రార్థించి దిగి వచ్చాడు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తున్నారు. ఆ రోజు కొండ కింద ఉన్నవారెవరికీ ఆ ప్రార్థన వినబడలేదు. వారికి ఏ వాగ్దానమూ అందలేదు.

తరువాత వచ్చిన జాన్ క్లౌ 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘాన్ని ఏర్పరిచాడు. 1876-78 నాటి కరువులో ఆయన చేసిన పని నేటి వివాదానికి సూటిగా తగిలేది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పని దొరికిన జనం బాప్తిస్మం ఇమ్మని అడిగితే కరువు తీరేదాకా ఇవ్వనని ఆపివేశాడు. సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదన్నది ఆయన పట్టుదల. కరువు సడలిన తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్య ప్రపంచమంతా మారుమోగింది. అంతకు ముందటి పదిహేను నెలల నిరీక్షణను గుర్తుపెట్టుకున్నవారు తక్కువ. ప్రలోభం అనే పదం చట్టంలోకి రావడానికి తొంభై ఏళ్ల ముందే ఒక బోధకుడు దానిని తన మీద తానే పరీక్షగా పెట్టుకున్నాడన్నది గమనార్హం.

ఆ జనమంతా ఒక్క దొర ప్రసంగం విని వచ్చినవారు కారు. తాళ్లకొండపాడు పేరయ్య వంటి మాదిగ బోధకులు ఊరూరా కాలినడకన తిరిగి, తమ బంధువుల అరుగుల మీద కూర్చుని చెప్పిన మాట విని వచ్చారు. ఉత్తరాన గంజాం సీమలో అదే విధంగా తిరిగినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి 1890 దాకా జీవించిన ఆయన కీర్తనలు నేటికీ తెలుగు సంఘాలలో పాడుతున్నారు. బోధ పరదేశపు బాణీలో కాక తెలుగు కీర్తన బాణీలో వినిపించడానికి ఆయన వంటివారే కారకులు. ఒడియా, తెలుగు కలిసి మాట్లాడే ఊళ్లలో ఈనాడు వీధి పాట ఏ భాషలో ఉండాలన్న తర్జనభర్జన జరుగుతున్నప్పుడు ఈ సంగతి జ్ఞాపకం రావడం సహజం.

ఇరవయ్యో శతాబ్దంలో వీధి సువార్తకు కొత్త రూపమిచ్చినవాడు భక్త సింగ్. పంజాబులో 1903లో పుట్టి, ఇంజనీరింగు చదువు కోసం ఇంగ్లండు, కెనడా వెళ్లి, అక్కడ క్రైస్తవుడై 1933లో తిరిగివచ్చాడు. 1941లో మద్రాసులో సంఘం ప్రారంభించక ముందు పల్లావరం కొండ మీద కొద్దిమందితో రాత్రంతా ప్రార్థనలో గడిపాడని ఆయన అనుచరులు చెప్పుకుంటారు. 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రం ఏర్పడింది. వాక్యాలు రాసిన పలకలు పట్టుకుని, పాటలు పాడుతూ వీధుల వెంట ఊరేగింపుగా నడవడం ఆయన పద్ధతి. ఆయనకు తెలుగు రాదు. ఆంగ్లంలోనో హిందీలోనో మాట్లాడితే పక్కన నిలబడినవారు తెలుగులోకి మార్చి చెప్పేవారు. భాష రాని మనిషి మాట తెలుగు జిల్లాలలో అంతగా ఎలా నాటుకున్నదని అడిగితే, ఊరేగింపు ముందు గంటల తరబడి సాగే మోకాళ్ల ప్రార్థనను చూపిస్తారు పాత విశ్వాసులు. ఆ వివరణను ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఎవరి నమ్మకం వారిది. వరుస మాత్రం స్పష్టం: ముందు ప్రార్థన, దాని వెనుక వీధి. ఆయన 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశాడు.

ఈ వరుస ఇప్పుడు తారుమారైంది. ప్రార్థన బోధకుడు తన కొరకు రహస్యంగా చేసుకునే సిద్ధపాటు స్థానం నుండి, జనానికి చూపి పిలిచే వస్తువు స్థానానికి వచ్చింది. గోడల మీద అంటించే స్వస్థత కూటాల పోస్టర్లు చూసినవారికి ఈ మాట వివరించనవసరం లేదు. పక్షవాతం, ఫిట్స్, సంతానలేమి, చేతబడి, అప్పుల బాధ అన్నీ ఒకే వరుసలో అచ్చువేసి, ప్రార్థన చేయబడును అని కింద పెద్ద అక్షరాలలో రాసిన పోస్టర్లు ఊరూరా కనబడుతున్నాయి. నూనె సీసాలు, రుమాళ్లు సైతం చేతులు మారుతున్నాయి. క్రీస్తును గూర్చిన బోధ ఆ పోస్టరులో ఎక్కడో మూలకు పోయింది. ఈ మార్పు మీద సంఘాల లోపలే అసంతృప్తి ఉన్నది. పాత మిషను సంఘాల పెద్దలు దీనిని బాహాటంగా కాకపోయినా తమలో తాము తప్పుపడుతూనే ఉన్నారు.

మార్పుకు కారణాలు ఒకటి రెండు కావు. మొదటిది వీధి ఇరుకు కావడం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మైకుకు అధికారి నుండి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి పది నుండి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు కూడదు. అదే సంవత్సరం ఆగస్టు 30న మద్రాసులోని ఒక క్రైస్తవ సంఘం కేసులో సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతతను భంగపరిచేలా మైకులతో, డప్పులతో ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని తేల్చింది. ఆ తీర్పు గుడికీ, మసీదుకూ, చర్చికీ సమానమే. వీధిలో మైకు కష్టమైనప్పుడు బృందాలు ఇళ్లలోకి మళ్లాయి. కాటేజీ ప్రార్థన, ఉపవాస ప్రార్థన అన్న పేర్లతో నడిచే కూటాలు పెరిగాయి. ఇంటిలోపలి కూటానికి మైకు అక్కరలేదు గాని, కూడలిలో అందరి కళ్ల ముందు జరిగినదానికి ఉండే బహిరంగత దానికి లేదు. బయటివారి అనుమానం అక్కడ మొలిచింది. రెండవ కారణం వైద్యం ఖర్చు. సరిహద్దు మండలాలలో పెద్దాసుపత్రి అంటే జిల్లా దాటాలి, కొన్నిచోట్ల రాష్ట్రం దాటాలి. ఆ రాష్ట్రపు ఆరోగ్య కార్డు ఈ రాష్ట్రపు ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో తెలియక తిరిగి తిరిగి అలసిన కుటుంబం ముంగిట, రూపాయి అడగకుండా ఎవరో వచ్చి తమ పేరు పెట్టి దేవుణ్ణి వేడుకుంటే మనసు కరగడంలో వింత లేదు. దానిని మోసమని ఒక్క మాటలో కొట్టివేయడం ఆ కుటుంబాన్ని అవమానించడమే అవుతుంది.

అయితే ప్రార్థన చేసి మందు మానమని చెప్పడం వేరు. ఇక్కడ మెత్తగా మాట్లాడవలసిన అవసరం లేదు. క్షయ వ్యాధికి కనీసం ఆరు నెలలు మందు వాడాలి. నెలా రెండు నెలలకు దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడగానే స్వస్థత కలిగిందని మాత్రలు ఆపితే, మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా మారి తిరగబడతాయి. అదే రకం ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసే హక్కును ఇస్తూనే, అది ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని చెప్పింది. మొదటి రెండింటి మీద జరిగినంత చర్చ మూడవదాని మీద జరగకపోవడం విచారకరం. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల చట్టం పక్షవాతం, మూర్ఛ, మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులకు తాయెత్తులు, మంత్రాలు, కవచాలు పనిచేస్తాయని ప్రకటనలివ్వడాన్ని నిషేధించింది. ఆ జాబితాలో ప్రార్థన అన్న మాట లేదు, ఉండనక్కరలేదు. కాని జబ్బు పేరు వేసి నూనె సీసా ఇచ్చే పోస్టరు ఏ మతానిదైనా ఈ చట్టం గీతకు చాలా దగ్గరగా నిలబడినట్టే. తాయెత్తు కట్టే భూతవైద్యుణ్ణి వదిలి పాస్టరునే ప్రశ్నించడం న్యాయం కాదు, పాస్టరును వదిలి భూతవైద్యుణ్ణి ప్రశ్నించడమూ అంతే.

ఇక చట్టాల సంగతి. రాజ్యాంగ సభలో 1948 డిసెంబరు 6న ప్రచారం అన్న ఒక్క మాట మీద గట్టి వాదమే నడిచింది. దానిని తొలగించాలని తీవ్రంగా వాదించినవాడు ఒరిస్సా సభ్యుడు లోకనాథ మిశ్రా. ఉండాలని మాట్లాడిన వారిలో మద్రాసు సభ్యుడు టి.టి. కృష్ణమాచారి ఒకరు. తాను పద్నాలుగేళ్లు క్రైస్తవ సంస్థలలో చదివినా తనను మతం మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని, ఈ హక్కు ఆర్యసమాజం వారికీ ఉపకరిస్తుందని ఆయన చెప్పాడు. మాట నిలిచింది. నిలిచిన మాటకు అర్థం చెప్పడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.

దేశంలో మొట్టమొదటి మతమార్పిడి నిరోధక చట్టాన్ని 1967లో ఒరిస్సాయే చేసింది. బలప్రయోగం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడం అందులో నేరం. బలప్రయోగమంటే కర్ర పట్టుకోవడమే కాదు, దైవాగ్రహం కలుగుతుందని బెదిరించడమూ, సంఘం నుండి వెలివేస్తామని బెదిరించడమూ అందులోకే వస్తాయి. ప్రలోభం నిర్వచనం మరీ అస్పష్టంగా ఉన్నదని 1972లో ఒరిస్సా హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. 1977 జనవరిలో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో దానిని తిరిగి నిలబెట్టింది. తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాపింపజేసే హక్కు ఉన్నది గాని, మరొకరిని మతం మార్చే హక్కు అంటూ లేదని ఆ ధర్మాసనం చెప్పింది. నేటికీ కోర్టులన్నీ ఆ తీర్పు మీదనే నిలబడుతున్నాయి.

తమిళనాడు 2002లో ఇటువంటి చట్టాన్నే తెచ్చి, 2004 లోక్‌సభ ఎన్నికల ఫలితాల తరువాత వెనక్కు తీసుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ మతమార్పిడి చట్టం లేదు. 2007లో చేసిన చట్టం తిరుమల వంటి ప్రకటిత ఆరాధనా స్థలాలలో అన్యమత ప్రచారాన్ని మాత్రం నిషేధించింది. కర్ణాటక 2022లో చేసినది అన్నిటికంటే కఠినం. మతం మారదలచినవారు ముప్పై రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు తెలపాలి. ఆ సమాచారాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి అభ్యంతరాలు పిలుస్తారు. నేరం జరగలేదని నిరూపించుకునే భారం నిందితుని మీదనే ఉంటుంది. మహిళలు, మైనర్లు, షెడ్యూల్డు కులాలు, తెగల వారి విషయంలో శిక్ష పదేళ్ల దాకా. ప్రలోభం నిర్వచనంలో మెరుగైన జీవితం చూపించడం, ఒక మతాన్ని మరొక మతానికి పోటీగా గొప్ప చేసి చెప్పడం కూడా చేరాయి. ఈ చట్టాన్ని రద్దు చేయాలని ఆ రాష్ట్ర మంత్రివర్గం 2023 జూన్‌లో నిర్ణయించింది.

ఈ నిర్వచనాలను ప్రార్థనకు అన్వయించి చూస్తే చిక్కు బయటపడుతుంది. బిడ్డకు జ్వరం తగ్గాలని దేవుణ్ణి అడగడం ప్రలోభమా? తగ్గుతుందని చెప్పడం ప్రలోభమా? తగ్గాలంటే బొట్టు తీయాలని చెప్పడమా? మొదటిది ఏ మతస్థుడైనా పొరుగువాడి కోసం చేసే పనే. మూడవది బేరం, దైవాగ్రహపు బెదిరింపుకు పక్కింటి మాట. రెండవది ఈ రెంటికీ నడుమ వేలాడుతున్నది. చట్టాన్ని రాసినవారు ఈ మూడింటినీ ఒకే గంపలో వేశారు. దాని ఫలితంగా నిజంగా బేరం ఆడినవాడు తెలివిగా తప్పుకుంటున్నాడు, పిలిస్తే వెళ్లి ప్రార్థించి వచ్చిన కూలిమనిషి స్టేషనులో కూర్చుంటున్నాడు. వీధి సువార్తకు వచ్చేవారిలో చాలామంది జీతం పుచ్చుకునే బోధకులు కారన్నది పల్లెలలో అందరికీ తెలుసు. వారం రోజులు కూలికి పోయి ఆదివారం సంచి భుజాన వేసుకునే వారే ఎక్కువ.

ఇటీవలి రెండు తీర్పులు ఈ చిక్కును కొంత సడలించాయి. బాగలకోట జిల్లా జమఖండి దగ్గర రామతీర్థ దేవాలయం వద్ద కరపత్రాలు పంచి, తమ మతాన్ని గూర్చి చెప్పారని కొందరు ముస్లింల మీద పెట్టిన కేసును 2025 జులైలో కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. మతం మార్చారని గాని, మార్చడానికి బలప్రయోగం, మోసం, ప్రలోభం వాడారని గాని ఆరోపణే లేనప్పుడు, బోధించినంత మాత్రాన, కరపత్రం ఇచ్చినంత మాత్రాన నేరం కాదని చెప్పింది. ఫిర్యాదు చేసినవారు చట్టం చెప్పిన కోవలోని వారు కారనీ ఎత్తిచూపింది. అదే సంవత్సరం అక్టోబరులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్ కేసులలో, సంబంధం లేని మూడవ వ్యక్తుల ఫిర్యాదులపై నడిచిన ఎఫ్.ఐ.ఆర్.లను రద్దు చేసింది. ఒకటి ముస్లింలది, ఒకటి క్రైస్తవులది. రెండింటిలోనూ కోర్టు చూసింది నిజంగా బాధపడిన మనిషి ఎవరన్న ప్రశ్ననే.

పల్లెలలో బృందాన్ని అడ్డగించి, కరపత్రాలు లాక్కుని, సెల్‌ఫోనులో తీసి పంచేవారు ఈ ప్రశ్న వేసుకోరు. బోధకుడు చట్టం మీరాడనుకుంటే ఫిర్యాదు చేసే హక్కు ఉన్నది. చేయి చేసుకునే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ ఒక వర్గం మత విశ్వాసాలను కావాలని అవమానించడాన్ని నేరంగా చెబితే, ఆ పక్కనే 300వ సెక్షన్ చట్టబద్ధంగా జరుగుతున్న మతారాధనను కావాలని భంగపరచడాన్ని నేరంగా చెప్పింది. విగ్రహాలను హేళన చేసే బోధకుడికి మొదటిది, ఇంటి ప్రార్థన మీద పడేవారికి రెండవది. 2008 ఆగస్టులో స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తరువాత కంధమాల్‌లో రగిలిన హింస ఎన్ని ఊళ్లను ఖాళీ చేయించిందో ఆ జిల్లాను ఆనుకుని ఉన్న గజపతి, రాయగడ వాసులకు ఎవరూ చెప్పనవసరం లేదు.

కుటుంబాలకు దీనికంటే దగ్గరగా తగిలే విషయం కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఉన్న షెడ్యూల్డు కుల హోదా 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు లేదు. ఎస్సీ వారు క్రైస్తవం పుచ్చుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందకు వస్తారు. షెడ్యూల్డు తెగల హోదాకు మతంతో ముడి లేదు, అందువలన క్రైస్తవులైన సవరలకు ఈ చిక్కు రాలేదు. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన కేసు ఒకదానిలో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ కేవలం ఉద్యోగ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది. అదే పాలన కింద ఉన్న యానాం కుటుంబాలకు ఈ తీర్పు పరాయిది కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మరో అడుగు వేసి, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ ధ్రువపత్రం చేతిలో ఉన్నా అత్యాచార నిరోధక చట్టం రక్షణ దక్కదని తీర్పు చెప్పింది. మతం మారిన దళితుల హోదాను పరిశీలించడానికి 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించింది.

కావున ఇంటి ముంగిట ప్రార్థనకు ఒప్పుకునే తల్లి, దాని వెనుక పిల్లవాడి హాస్టలు సీటు, ఉద్యోగపు దరఖాస్తు ముడిపడి ఉన్నాయేమోనని భయపడడం సహజం. ఆ భయంలో కొంత నిజమున్నది, కొంత లేదు. తీర్పుల ధోరణిని బట్టి చూస్తే, ఎవరో వచ్చి ప్రార్థన చేసినంత మాత్రాన మతం మారినట్టు కాదు, ఒక కూటానికి వెళ్లి కూర్చున్నంత మాత్రాన కూడా కాదు. కోర్టులు చూస్తున్నవి బాప్తిస్మం, నియమిత ఆరాధన, ఆ మనిషి తాను బహిరంగంగా చెప్పుకున్న విశ్వాసం. ఈ తేడాను చాలామంది బోధకులు ఇంటివారికి చెప్పడం లేదు. చెబితే వెనక్కు పోతారని కొందరి జంకు. మరికొందరు బాప్తిస్మం తీసుకో, కాగితం మాత్రం మార్చవద్దని గుసగుసగా సలహా ఇస్తున్నారు. బహిరంగంగా సాక్ష్యం చెప్పమని కూడలిలో పాడి, ఇంటిలోకి వచ్చాక దాచమని చెప్పడం ఆ సాక్ష్యానికే ఎసరు. కరువులో పదిహేను నెలలు ఆగిన సంఘం చరిత్ర ఉన్న నేల మీద, ఇంటి పెద్దలకు ధ్రువపత్రం సంగతి, మందుల సంగతి ముందుగా చెప్పి, ఆలోచించుకోమని నెల రోజులు గడువిచ్చి వెళ్లడం బోధకులకు అసాధ్యమేమీ కాదు. ఆ నెలంతా తమ గదిలో తలుపు వేసుకుని ఆ ఇంటి కోసం ప్రార్థించుకోవడాన్ని ఏ రాష్ట్ర చట్టమూ అడ్డుకోలేదు.